ఫ్రెష్ ట్రాలీ

మా తోడికోడలి కూతురు పని నుంచి వచ్చీ రాగానే చెప్పులు ఒక మూలకి, సంచీ ఒక మూలకి విసిరి, “ఫ్రెష్ అయి వస్తా పెద్దమ్మా” అంటూ నీళ్లగదిలో దూరుతుంది. బయటికి వచ్చేటప్పుడు మొహం మీద నీటిచుక్కలుంటాయి, సబ్బు వాసన వస్తుంది. నాకు తెలిసిన ఫ్రెష్ అదే. మా వీధి చివర కూరగాయలమ్మే ఆవిడకి ఇంకో ఫ్రెష్ ఉంది. బకెట్లో చేయి ముంచి నిన్నటి ఆకుకూర మీద నాలుగుసార్లు విదిలిస్తే అది ఫ్రెష్. చేపలతను మొప్పలు ఎత్తి చూపిస్తాడు, ఎర్రగా ఉంటాయి. వేలితో రుద్దితే ఆ ఎరుపు వేలికి అంటుకుంటుంది. “ఫ్రెష్ సరుకమ్మా” అంటాడు, వేలు చూసి కూడా. మా తోడికోడలి పిల్ల మొదటిసారి ఉద్యోగంలో చేరినప్పుడు దాన్ని ఫ్రెషర్ అన్నారట, అంటే పనేమీ రాదని అర్థమట. ఊరంతా ఇన్ని రకాలుగా వాడుకునే మాట మా లాండ్రీలో మాత్రం బుద్ధిగా ఉంటుందని నేనెలా అనుకున్నానో.

నేను దుప్పట్లు ఉతికేదాన్ని. నా భర్త ఆ లాండ్రీ వ్యాను నడిపేవాడు. ఆయన పోయిన నెలకి నన్ను తడిగదిలో పెట్టుకున్నారు. పదకొండేళ్లు అక్కడే. నాలుగు సిమెంటు తొట్లు, రెండు మిషన్లు, నేలంతా నీళ్లు. మేం ఉతికేవి ఒక ప్రసూతి ఆసుపత్రి దుప్పట్లు. రక్తపు మరకని ముందు చల్లనీళ్లలో నానబెట్టాలి. తొందరపడి వేడినీళ్లు పోస్తే మరక గుడ్డలో పాతుకుపోతుంది, ఇక ఏం చేసినా పోదు. కొత్తగా వచ్చిన ఆడవాళ్లు మొదటిరోజు ముక్కు మూసుకునేవాళ్లు. నాకు మాత్రం ఆ రక్తం ఎప్పుడూ అసహ్యమనిపించలేదు. ఒక బిడ్డ భూమ్మీద పడిన గుర్తు అది. నానబెడితే వదిలేది, ఉతికితే పోయేది.

తడిగదికీ పొడిగదికీ మధ్య ఒక ఎత్తు గడప ఉండేది. తడి కాళ్లతో ఆ గడప దాటకూడదు. ఇస్త్రీ అయిన గుడ్డ మీద ఒక్క చుక్క పడినా మళ్లీ మొదటి నుంచి చేయాలి కాబట్టి ఆ నియమం మాకు సబబుగానే ఉండేది. పొద్దున్నే వ్యానులోంచి రెండు ట్రాలీలు దిగేవి. ఎర్ర ట్రాలీ మా దగ్గరికి వచ్చేది. నీలం ట్రాలీ మా గుమ్మం ముందు నుంచే నేరుగా పొడిగదికి వెళ్లిపోయేది. అందులో దుకాణం నుంచి తెచ్చిన కొత్త గుడ్డలుంటాయని నేననుకున్నాను. ఎవర్నీ అడగలేదు. మోకాళ్లదాకా నీళ్లలో ఉన్నవాళ్లకి నీలం ట్రాలీతో పనేముంది?

అక్షరాలు నాకు యాభై ఆరో ఏట వచ్చాయి. మా తోడికోడలు బట్టలు కుడుతుంది. గుడ్డ మీద గీసే సుద్దబిళ్లతో మా వంటగది గచ్చు మీద రాసి నేర్పింది. తిడుతూ నేర్పింది.

“అది ‘ర’ కాదక్కా, బూరెలా ఉంది. కాస్త నడుం వంచు దానికి.”

“నా నడుమే వంగట్లేదు, దాని నడుం ఎక్కడ వంచేది?”

“అయితే నువ్వూ ‘ర’ కూడా ఇట్లాగే ఉండిపొండి.”

ఆరునెలలకి నా పేరు రాయడం వచ్చింది. సుద్దతో గచ్చు మీద, పుల్లతో మట్టిలో, వేలితో ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద, ఎక్కడ ఖాళీ కనపడితే అక్కడ రాసేదాన్ని. నా దగ్గర ఎవరో దొంగిలించిన వస్తువు తిరిగి దొరికినట్టుండేది.

ఈ సంగతి మా సూపర్‌వైజరుకి తెలిసింది. అతన్ని మేం వెనకాల సెంటుబాబు అనేవాళ్లం. అతను గదిలోకి రాకముందే అతని వాసన వచ్చేది. ఒకరోజు మధ్యాహ్నం మేం అన్నాలు తింటుంటే ఒక కట్ట కాగితపు చీటీలు పట్టుకుని వచ్చాడు.

“అమ్మా, నువ్వు సంతకం నేర్చుకున్నావటగా! తడిగదిలో ఇంతమందిలో సంతకం చేయగలిగింది నువ్వొక్కదానివే. ఆసుపత్రివాళ్లు కొత్తగా అడుగుతున్నారు, ఉతికిన మనిషి సంతకం ప్రతి మడతలోనూ ఉండాలట. ఈ గౌరవం నీకే.”

చీటీ మీద పైన లావు అక్షరాలతో ‘ఫ్రెష్’ అని, దాని కింద ‘ఉతికినవారు’ అని, ఆ పక్కన ఒక గీత. కూడబలుక్కుని చదివాను. గీత మీద నా పేరు రాశాను. తోటి ఆడవాళ్లు మెడలు చాచి చూశారు. “ఇక మాతో మాట్లాడుతుందా ఈవిడ” అని ఒకామె ఎకసెక్కం చేసింది. నాకు లోపల గంతులేసినట్టే ఉంది. వారంలో మూడు కట్టలు ముగించాను, కట్టకి వంద. మొదట్లో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. మూడో కట్టకి వచ్చేసరికి గీత మీద వరుసగా కూర్చున్నాయి. మూడువందల ఖాళీ చీటీల మీద సంతకాలు పెట్టి, ఇంకో కట్ట లేదా అని నేనే అడిగాను.

నెల తిరక్కముందే ఒక మంగళవారం పొద్దున మా గుమ్మం ముందు నీలం ట్రాలీ చక్రం ఊడింది. తోసేవాడు మేకు తెస్తానని వెళ్లాడు. నేను తొట్టి దగ్గర నుంచి చూస్తే ట్రాలీ పక్కన తెల్లరంగుతో రాసిన అక్షరాలు కనపడ్డాయి. పదకొండేళ్లు అవి నాకు ఉత్త గీతలు. ఇప్పుడు అవి నన్ను వదల్లేదు. ఫ్రెష్. వెనక్కి తిరిగి మా ఎర్ర ట్రాలీ చూశాను. వాష్. ఎంతో మురిసిపోయి కొత్త గుడ్డ ఎలా ఉంటుందో ఒకసారి ముట్టుకుందామని చేతులు తుడుచుకుని వెళ్లాను.

పైదుప్పటి తీశాను. అది కొత్తది కాదు. తలగడ పెట్టుకునే చోట జిడ్డుగా పసుప్పచ్చటి వలయం. ఒక పొడుగాటి వెంట్రుక గుడ్డకి అల్లుకుపోయి, లాగితే దారంలా వచ్చింది. పులిసిన పాల వాసన. బాలింత ఒంటి మీద కారి ఎండిన పాలు అట్టకట్టి ఉన్నాయి. కింద ఇంకో దుప్పటి, దానికి కత్తిరించిన గోరుముక్క. మూడోది ఇంకా కాస్త చెమ్మగా ఉంది. ఎవరి చెమటో. నా వేళ్లకి ఆ చెమ్మ తగలగానే చేతులు వెనక్కి లాక్కున్నాను. రక్తంలో మోచేతులదాకా ముంచిన చేతులవి. కానీ అప్పుడు చేస్తున్నది ఉతకడం. ఇది వేరు.

మేకు వచ్చింది, చక్రం ఎక్కింది, ట్రాలీ కదిలింది. నేను కాళ్లు తుడుచుకుని దాని వెనకే గడప దాటాను.

పొడిగదిలో ఇస్త్రీ చేసే అన్న ఉన్నాడు. నాకంటే పెద్దవాడు, నా భర్తకి స్నేహితుడు. ట్రాలీలోంచి దుప్పటి తీసి బల్ల మీద పరిచాడు. ఒక ప్లాస్టిక్ సీసాతో పుస్ పుస్ మని సెంటునీళ్లు కొట్టాడు. పైనుంచి వేడిపలక దించాడు. ఆవిరి లేచింది. అందులో మల్లెల్లాంటి వాసన ఒకటి, దాని అడుగున చెమట, పాలు, మనిషి కక్కిన వాసన. రెండూ కలిసి నా గొంతులోకి దిగాయి.

“అన్నా, అది ఉతకలేదే.”

“ఉతకడానికి ఇది వాష్ కాదు కదా చెల్లెమ్మా, ఫ్రెష్.”

“ఫ్రెష్ అంటే?”

“ఫ్రెష్ అంటే ఫ్రెష్ చేయడం. మరక కనపడితే వాష్, కనపడకపోతే ఫ్రెష్. ఇన్నేళ్లుగా ఉన్నావు, తెలీనట్టు అడుగుతావేంటి?”

“నాకు తెలీదు.”

అతను నా మొహం చూశాడు. చేయి ఆగింది. “అయ్యో రామా” అన్నాడు మెల్లగా. అయినా అలవాటు పడిన చేయి కదా, దుప్పటిని నాలుగు మడతలు వేసింది, పక్కనున్న డబ్బాలోంచి చీటీ తీసింది, మడతలో దోపింది. చీటీ మీద నా పేరు. మూడో కట్టలోది. గీత మీద ఎంతో చక్కగా కూర్చుని ఉంది.

అప్పటిదాకా కలిగింది ఒక రకం అసహ్యం. ఇది నన్ను చూసి నాకే కలిగిన అసహ్యం.

సెంటుబాబు తన గదిలో టీ తాగుతున్నాడు. నా చీటీలు నాకిచ్చేయమన్నాను.

“ఎందుకమ్మా ఇప్పుడు గోల? వేడిపలక కింద క్రిములన్నీ మాడి చస్తాయి. సెంటు కొట్టాక దానికీ నువ్వు ఉతికినదానికీ తేడా చెప్పు చూద్దాం!”

“ఉతికినవారు అని ఉంది బాబూ దాని మీద. నేను ఉతకలేదు.”

“చదవడం వచ్చింది గదా అని ప్రతిదీ చదువుతావా? ఆ చీటీలు కంపెనీవి.”

“చీటీలు కంపెనీవే. దాని మీద పేరు కంపెనీదెప్పుడైంది?”

అతను కప్పు కింద పెట్టి నవ్వాడు. “పేరు నీదే. ఎవరికైనా ఏదైనా అంటుకుందనుకో, రేపు వచ్చి అడిగేది కూడా నిన్నే. అందుకని నోరు మూసుకుని తొట్టి దగ్గరికి వెళ్లడం నీకే మంచిది.”

ఇంటికి వచ్చి చేతులు మూడుసార్లు కడుక్కున్నాను. తొట్టి దగ్గర వాడే రాయితో మోచేతులదాకా రుద్దాను. ముద్ద నోట్లో పెట్టుకుంటే ఆ మల్లెల వాసనే. మా తోడికోడలు కుట్టుమిషను ఆపి అంతా విన్నది.

“ఖాళీ కాగితం మీద సంతకం పెట్టిన మనిషిని నిన్నే చూశానక్కా. అదీ మూడువందలు. అదీ అడిగి మరీ!”

“పేరు ఎలా రాయాలో నేర్పావుగానీ ఎక్కడ రాయకూడదో నేర్పావా?”

“అది కూడా సుద్దబిళ్లతోనే నేర్పాలా నీకు?” అని గయ్యిమంది. తర్వాత దారం తెంపి, “ఇప్పుడేం చేస్తావు?” అంది.

“తెచ్చుకుంటా నా పేరు.”

“ఎక్కడ నుంచి? అవి అందరి మంచాల మీదా ఉన్నాయి.”

“మంచాల మీద నుంచే.”

మర్నాడు పనికి పోకుండా ఆసుపత్రికి వెళ్లాను. ముందు పెద్ద సిస్టరుతో చెబుదామనుకున్నాను. తెలియక మోసపోతున్నారు పాపం, చెబితే మండిపడతారు, నా చీటీలు వాళ్లే వెతికించి ఇస్తారు అని దారంతా అనుకుంటూ వెళ్లాను. ఆవిడ బల్ల వెనక తెల్లగా, గంజి పెట్టినట్టు నిటారుగా కూర్చుంది. సంచీలోంచి ఒక దుప్పటి తీసి బల్ల మీద పెట్టాను. వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర బీరువాలోంచి ఆయమ్మని అడిగి తీసుకున్నది. మడత విప్పి వెంట్రుక చూపించాను.

ఆవిడ ఆశ్చర్యపోలేదు. సొరుగులోంచి ఒక కాగితం తీసింది.

“చూడండమ్మా, మా ఒప్పందంలోనే ఉంది. ఇది వాష్, ఇది ఫ్రెష్. వాష్ కావలసినవాటికి వాష్ అనే రాస్తాం. లాండ్రీ మమ్మల్నేం మోసం చేయట్లేదు.”

“మంచం మీద మనిషి మారినా?”

“మరక లేకపోతే.”

“పుట్టిన బిడ్డని పడుకోబెడతారు కదమ్మా దీని మీద.”

“కంటికి శుభ్రంగానే ఉంటుంది. వాసన కూడా బాగుంటుంది. అందరూ ఫ్రెష్‌గా ఉందనే అంటారు.”

నేను దుప్పటిని దగ్గరికి తోశాను. “అయితే ఒక్కసారి మీ చెంప దీనికి ఆనించండి. ఒక్క క్షణం చాలు. నేను నోరెత్తకుండా వెళ్లిపోతా.”

ఆవిడ చేయి తనకి తెలియకుండానే ముక్కు దగ్గరికి వెళ్లింది. కుర్చీ చక్రాల మీద జానెడు వెనక్కి జరిగింది. ఇద్దరం ఆ జానెడు ఖాళీని చూశాం. నాకు అంతకంటే జవాబు అక్కర్లేదు. ఇంత గంజి పెట్టిన బట్టల్లో కూర్చుని అంతా తెలిసిన మనిషి కంటే, ట్రాలీలో చెమ్మగా ఉన్న దుప్పటే నయమనిపించింది.

వార్డులోకి వెళ్లాను. మొదటి మంచం మీద నిన్న కాన్పయిన పిల్ల, ఒళ్లో బిడ్డ. పక్కన వాళ్లమ్మ, నా ఈడుదే, బిడ్డ గుడ్డలు మడతపెడుతోంది.

“అమ్మా, మీకు దుప్పటి మడతలో ఒక చీటీ వచ్చి ఉంటుంది. అది నాకిచ్చేయండి.”

ఆవిడ తలగడ కింద తడిమి తీసింది. పారేయకుండా దాచింది. “ఇదేనా? ఎంత చక్కగా రాశారో అనుకున్నాం. ఎందుకు?”

“దాని మీద పేరు నాది. ఈ దుప్పటి నేను ఉతకలేదు.”

“మరి ఎవరు ఉతికారు?”

“ఎవరూ ఉతకలేదు.”

ఆవిడకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. కూతురు పడుకున్న దుప్పటి అంచు ఎత్తి వాసన చూసింది. మళ్లీ చూసింది, ఈసారి కళ్లు మూసుకుని, సెంటుని దాటి. మొహం ముడుచుకుపోయింది. “లేవే” అంది కూతురితో, “లే, బిడ్డనిటివ్వు.” దుప్పటి పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. కింద పరుపు మీద పాతబడిన మరకల బొమ్మలు, ఒకదాని మీద ఒకటి. ఎంతమందివో. ఆ పిల్ల వాటిని చూసి గోడకి ఆనుకుని ఏడ్చింది. ఇంతసేపూ పడుకున్నది వాటి పైనే.

తర్వాత మంచం, ఆ తర్వాత మంచం. ప్రతి చోటా అదే మాట నా నోటితో చెప్పాలి. ఒకతను, ఎవరికో భర్త, విసుక్కున్నాడు.

“వాసన బాగానే ఉంది కదండీ. ఇప్పుడు ఇదంతా చెప్పి ఎవరిని ఉద్ధరిద్దామని?”

“ఎవర్నీ కాదు బాబూ. నా చీటీ నాకివ్వు, నువ్వు దాని మీదే పడుకో.”

అతను పడుకోలేదు. దుప్పటి తీసి నడవాలో పడేశాడు. గంట తిరిగేసరికి నడవాలో దుప్పట్ల గుట్ట, నా గుప్పిట్లో పంతొమ్మిది చీటీలు. గుట్టలోంచి మల్లెల వాసన లేస్తోంది. కాన్పయిన ఆడవాళ్లు వట్టి పరుపుల అంచున, కూర్చోలేక కూర్చుని ఉన్నారు. పెద్ద సిస్టరు ఫోనులో అరుస్తోంది.

సెంటుబాబు వ్యానులో దుప్పట్ల కట్టతో స్వయంగా వచ్చాడు. “ఏదో పొరపాటు జరిగిందమ్మా, ఇవిగో, ఇవన్నీ ఫ్రెష్!” అని అందరికీ పళ్లికిలించి పంచాడు. మొదటి మంచం అమ్మ మడత విప్పింది. చీటీ జారి నేల మీద పడింది. వంగి తీసి చదివింది. నా వంక చూసింది. వార్డంతా నా వంక చూసింది.

ఎంత నీచంగా ఉందో ఆ క్షణం. నన్ను పట్టుకుని, నా పేరుతోనే మళ్లీ నా నోరు మూయిస్తున్నాడు. నేను ఔనంటే చాలు, అందరూ నమ్ముతారు. వాళ్లకి నడుం వాల్చాలని ఉంది. సెంటుబాబు నా పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు. “ఒక్కమాట అను. రేపటి నుంచి పొడిగదిలో కూర్చుందువుగాని. మోకాళ్లు తడవవు.”

దుప్పటి అందుకుని ముక్కుకి ఆనించుకున్నాను. సెంటు కింద ఇంకెవరిదో జ్వరం.

“ఇది కూడా ఉతకలేదు” అన్నాను.

“రేపటి నుంచి పనికి రాకు” అన్నాడతను, అంతే నెమ్మదిగా.

“నీ డబ్బాలో ఇంకా నా చీటీలున్నాయి.”

“ఉన్నాయి. ఉంటాయి.”

అతను వెళ్లిపోయాడు. వ్యాను చప్పుడు వినపడింది. అది నా భర్త నడిపిన వ్యానే.

నేను గుట్టలోంచి ఒక దుప్పటి లాగి వార్డు చివర కుళాయి దగ్గరికి తీసుకెళ్లాను. బకెట్లో చల్లనీళ్లు పట్టి ముంచాను. నీళ్లు బూడిదరంగులోకి తిరిగాయి. పారబోసి మళ్లీ పట్టాను. మొదటి మంచం అమ్మ వచ్చి తన సబ్బు నా చేతిలో పెట్టి, పక్కనే నిలబడింది. నాలుగోసారికి నీళ్లలో నా చేతులు కనపడ్డాయి. పిండటానికి ఒక కొస ఆవిడకిచ్చాను. ఆవిడ కుడికి, నేను ఎడమకి. దుప్పటి తాడులా బిగుసుకుని నీళ్లు ధారగా కారాయి. ఇద్దరి కాళ్లూ తడిశాయి. కిటికీ ఊచల మీద ఎండకి ఆరేశాం.

వెనకాల ఇంకో ముగ్గురు ఆడవాళ్లు గుట్టలోంచి తలా ఒక దుప్పటి పట్టుకుని వరుసలో నిలబడి ఉన్నారు. బకెట్టు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తున్నారు.

మధ్యాహ్నానికి మా దుప్పటి ఆరింది. ఆవిడ దాన్ని పరుపు మీద రెండు పొరలుగా పరిచి, కూతుర్ని పడుకోబెట్టి, బిడ్డని పక్కన పెట్టింది. నేను సంచీ తీసుకుని బయల్దేరుతుంటే అడిగింది.

“వదినా, దీనికి చీటీ?”

ఉతికేటప్పుడు నడుం దగ్గర దోపుకున్న పంతొమ్మిదీ చెమటకి ముద్దయిపోయాయి. బయటికి తీస్తే సిరా నా అరచేతికి అంటింది.

“నువ్వు చూశావుగా ఉతకడం. ఇంక చీటీ దేనికి?” అని కుళాయి దగ్గర చేయి కడుక్కున్నాను.